పది పెట్టలకు పెరట్లో గూడు: కొలతలు, సామాను, తేడా కొట్టే చోట్లు

కోళ్ల గూడు అని ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించే నమూనాల్లో చాలా వరకు చలిదేశాలవి. నాలుగు వైపులా చెక్క గోడలు, ఒక చిన్న కిటికీ, లోపల వెచ్చగా ఉండే పెట్టె. అదే కొలతలతో రెంటచింతలలోనో రామగుండంలోనో కడితే మే నెలలో కోళ్లు అందులోనే ఉడికిపోతాయి. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి వేడిని వదులుకోవాలి. చుట్టూ గాలి కదలకపోతే ఎంత రొప్పినా లాభం లేదు. అందుకే మన దగ్గర ముందు పైకప్పు గురించి ఆలోచించాలి, తర్వాత జాలీ, ఆ తర్వాతే గోడ.

ఇక్కడ చెప్పే లెక్కంతా 10 పెట్టలకు, ఒక పుంజుకు. గుడ్లు మాత్రమే కావాలంటే పుంజు అక్కర్లేదు, అది లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. పొదిగించి పిల్లల్ని తీయాలంటేనే పుంజు కావాలి. నాటు కోళ్లకీ, గ్రామప్రియకీ ఈ కొలత సరిపోతుంది. వనరాజ లాంటి బరువైన కోళ్లయితే 8 దగ్గర ఆగడం మంచిది. గ్రామప్రియ, వనరాజ రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసినవే. మొదటిది గుడ్ల కోసం, రెండోది గుడ్లకీ మాంసానికీ. ఈ రెండూ పొదుగుకు కూర్చోవు. పిల్లల్ని తీయాలనుకుంటే ఒకటి రెండు నాటు పెట్టలు పక్కన ఉండాల్సిందే.

చోటు, దిక్కు

రాత్రి పడుకోవడానికి ఒక్కో కోడికి 2 చదరపు అడుగులు, పగలు తిరగడానికి 8 నుంచి 10. అంటే 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గూడు, దానికి ఆనుకుని 10 x 10 ఆవరణ. పగలంతా పెరట్లో వదిలేసే ఇళ్లలో ఆవరణ అవసరం లేదనిపిస్తుంది గానీ, ఊరెళ్లినప్పుడు, పక్కింటి వాళ్లు ఆకుకూరల మడి వేసుకున్నప్పుడు అదే ఆదుకుంటుంది.

పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా అప్పుడు 4 అడుగుల వైపు మీదే పడతాయి. 6 అడుగుల వైపు పడమటికి తిరిగిందంటే సాయంత్రం ఆరు దాకా ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. పడమటి వైపు ఎలాగూ ఎండ తప్పదు కాబట్టి అక్కడో మునగ చెట్టు పెంచండి, లేదా జాలీకి ఎడంగా పందిరేసి బీరపాదు ఎక్కించండి. జాలీకే పాకిస్తే మాత్రం ఆకులు కోళ్ల నోటికి పోతాయి, గాలీ ఆగిపోతుంది.

పల్లంలో వద్దు. వాన పడ్డాక పెరట్లో నీళ్లు ఎటు పోతాయో ఒకసారి చూసి, ఆ దారికి ఎడంగా కాస్త మెరక మీద గుర్తు పెట్టుకోండి.

నేల మీదా, కాళ్ల మీదా?

రాయలసీమలో, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో నేల మీదే అడుగు ఎత్తు అరుగు కట్టి, 3 అంగుళాల కాంక్రీటు పోసి, దాని మీద గూడు లేపుకోవచ్చు. పందికొక్కులు తవ్వలేవు, కడగడం తేలిక. కోనసీమలోనూ కృష్ణా డెల్టాలోనూ వానాకాలమంతా నేల చెమ్మగా ఉంటుంది. అక్కడ 2 అడుగుల ఎత్తున కాళ్ల మీద నిలబెట్టిన గూడే నయం. కింద మిగిలే 24 చదరపు అడుగుల నీడ వృథా పోదు, ఎండాకాలం కోళ్లు మధ్యాహ్నమంతా అక్కడే పడుకుంటాయి. ఆ నీడలో పొడి ఇసుక, కట్టెల బూడిద కలిపి ఒక మూల పోస్తే అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి.

కాళ్ల మీద గూడుకి ఏమేం కావాలో చెబుతాను.

స్తంభాలు ఆరు. ఒక పొడుగు వైపు మూడు 8న్నర అడుగులవి, రెండో పొడుగు వైపు మూడు 7న్నర అడుగులవి. అన్నీ అడుగున్నర లోతు పాతితే నేల పైకి 7, 6 అడుగులు మిగులుతాయి. 2 అడుగుల ఎత్తున నేల పలక వస్తుంది కాబట్టి లోపల ఒక వైపు 5, ఇంకో వైపు 4 అడుగుల ఎత్తు ఉంటుంది. వంగి ఊడ్చుకోవడానికి చాలు. కోస్తాలో సరుగుడు కర్ర చవగ్గా దొరుకుతుంది, మిగతా చోట్ల నీలగిరి. ఏ కర్రయినా తొక్క తీసి, మట్టిలోకి పోయే భాగానికీ దాని పైన అర అడుగుకీ తారు పూయాలి. చెదలు ఎక్కేది సరిగ్గా మట్టి గాలి కలిసే చోటే. గుంటలో కాంక్రీటు పోసేటప్పుడు పైభాగం స్తంభం చుట్టూ బయటికి వాలుగా తీర్చాలి. గిన్నెలా గుంటగా వదిలేస్తే నీళ్లు నిలిచి అక్కడే కుళ్లుతుంది.

గుంటలు తీసే ముందు నాలుగు మూలలా మేకులు కొట్టి తాడు కట్టి, ఎదురు మూలల మధ్య దూరం కొలవండి. రెండూ 7 అడుగుల 2న్నర అంగుళాలు రావాలి. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ వస్తే గూడు వంకర. ఆ వంకర ఇప్పుడు కనిపించదు, రేకు వేసేటప్పుడు బయటపడుతుంది.

నేల పలకకి 8 x 4 అడుగుల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒకటి. నీళ్లకు తట్టుకునే రకం తీసుకుని రెండు వైపులా, అంచులకీ పెయింటు వేయాలి. 6 అడుగులు నేలకి పోగా మిగిలే 2 x 4 ముక్క కోళ్ల తలుపుకీ గుడ్ల పెట్టెల అడుగుకీ వస్తుంది. పలక కింద అడుగున్నర ఎడంతో అడ్డ కర్రలు ఉండాలి. లేకపోతే కోళ్ల బరువుకు కాదు, మీరు లోపలికి ఎక్కి ఊడ్చినప్పుడు వంగిపోతుంది.

కింది గోడ అడుగున్నర ఎత్తు. కోళ్లు ఊకను కాళ్లతో బయటికి చిమ్మకుండా, కుక్కకు లోపలి కోడి కనబడకుండా ఆపేది ఇదే. దీనికి 8 x 4 సిమెంటు బోర్డు ఒక్కటే సరిపోతుంది, అయితే అడ్డంగా కోయించాలి. 18 అంగుళాల చొప్పున 4 అడుగుల పట్టీలు అయిదు వస్తాయి. అందులో ఒకదాన్ని సగానికి కోస్తే రెండు పొడుగు వైపులకీ 4, 2 అడుగుల ముక్కలు, రెండు చివరలకీ 4 అడుగుల ముక్క సరిగ్గా సరిపోతాయి. నిలువుగా కోయిస్తే 8 అడుగుల పట్టీలు రెండే వచ్చి, అడుగు వెడల్పు ముక్క ఎటూ పనికిరాకుండా మిగులుతుంది.

జాలీ

డబ్బు ఆదా చేయకూడని చోటు ఇది. షాపులో కోళ్ల జాలీ అడిగితే ఇచ్చే ఆరుకోణాల సన్న జాలీ కోడిని లోపల ఉంచుతుంది, అంతే. కుక్కని ఆపదు. పళ్లతో పట్టి గుంజిందంటే అల్లిక వరసగా విడిపోతుంది. పిల్లి, ముంగిస అంత కష్టం కూడా పడవు. రంధ్రం పెద్దదైతే పంజా దూర్చి, జాలీకి ఆనుకుని పడుకున్న కోడిని అక్కడికక్కడే చీరేస్తాయి. పొద్దున చూస్తే జాలీ చెక్కు చెదరదు, లోపల కోడికి తల ఉండదు. దయ్యం పనో చేతబడో అనుకునేది ఇలాంటివే.

కావాల్సింది అరంగుళం వెల్డ్ మెష్ (తీగలు అల్లకుండా అతికించిన జాలీ), జీఐ (జింకు) పూత ఉన్నది, 18 గేజు కంటే సన్నం కానిది. గేజు అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది, షాపులో తికమక పడొద్దు. అరంగుళం రంధ్రంలో ముంగిసా పెద్ద ఎలుకా పట్టవు, గుడ్ల కోసం వచ్చే పెద్ద పాము కూడా దూరలేదు. 4 అడుగుల వెడల్పు చుట్టలో 22 అడుగులు కోయించుకుంటే నాలుగు వైపులా వస్తుంది, అతుకులకి కాస్త మిగులుతుంది.

జాలీని స్తంభాల బయటి వైపు బిగించాలి. బయటి నుంచి తోసే జంతువు అప్పుడు జాలీని స్తంభానికేసి నొక్కుతుంది. లోపలి వైపు కొడితే అదే తోపుకు మేకులు ఊడొస్తాయి. 4 అంగుళాలకొక యూ మేకు కొట్టి, పైన సన్న చెక్క పట్టీ వేసి మళ్లీ మేకు దించాలి. బైండింగ్ వైరుతో కట్టి వదిలేస్తే రెండు వానలకు తుప్పు పట్టి తెగుతుంది.

అందరూ మరిచిపోయేది ఒకటుంది. రేకు మడతలు గోడ పైకర్ర మీద ఆనినప్పుడు ప్రతి మడత కిందా వేళ్లు పట్టేంత సందు మిగులుతుంది. అలాంటి సందులు వరసగా ఉంటాయి. పాములకీ ఎలుకలకీ అదే రాజమార్గం. మిగిలిన జాలీ ముక్కల్ని 4 అంగుళాల పట్టీలుగా కోసి, మడతల ఆకారానికి వంచి అక్కడ కొట్టేయండి. గుడ్డలు కుక్కితే ఎలుకలే అందులో గూడు పెడతాయి.

ఆవరణకి 6 అడుగుల ఎత్తు కంచె, కింది నుంచి మూడు అడుగుల వరకు వెల్డ్ మెష్, పైన మామూలు జాలీ చాలు. తవ్వి దూరే జంతువుల కోసం కంచె అడుగు నుంచి బయటి వైపుకి అడుగున్నర వెడల్పు జాలీని నేల మీద పరిచి, పైన మట్టి కప్పాలి. కుక్క ఎప్పుడూ కంచె మొదట్లోనే గీకుతుంది, జాలీ తగలగానే వదిలేస్తుంది. నాలుగడుగులు వెనక్కి వచ్చి తవ్వాలన్న తెలివి దానికి రాదు. పైన నైలాన్ వల కప్పండి. గద్దల కోసమే కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి: కొంగలూ కాకులూ దిగి తాగే నీళ్ల గిన్నె మన కోళ్ల గిన్నె కాకూడదు. వల రెట్టల్ని ఆపదు కాబట్టి బయట పెట్టే దాణా గిన్నె, నీళ్ల గిన్నె మటుకు గూడు కింది నీడలోనే ఉండాలి.

పైకప్పు

8 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు రేకులు మూడు. అతుకులు పోగా దాదాపు 10 అడుగులు కప్పుతాయి, అంటే తూర్పు పడమరల రెండు వైపులా 2 అడుగుల చూరు. ముందూ వెనకా కూడా అడుగున్నరకు తగ్గకుండా చూరు వస్తుంది. జల్లు లోపల పడకుండా ఆపేది గోడ కాదు, ఈ చూరే. వాలు ఎటు అంటే, తెలంగాణలోనూ ఉత్తరకోస్తాలోనూ నైరుతి వానలే ఎక్కువ కాబట్టి పొట్టి స్తంభాల వైపు దక్షిణానికి పెట్టాలి. నెల్లూరు వైపు పెద్ద వానలు ఈశాన్యం నుంచి వస్తాయి, అక్కడ పొట్టి స్తంభాల వైపు ఉత్తరానికి.

ఉత్త రేకు వేసి వదిలేయొద్దు. మధ్యాహ్నం దాని కింద చెయ్యి పెట్టి చూస్తే ఎందుకో తెలుస్తుంది. రేకు పైన తాటాకు గానీ కొబ్బరాకు గానీ అర అడుగు మందాన పరిచి తాళ్లతో కట్టేస్తే లోపలి వేడి చాలా తగ్గుతుంది. ఆకు దొరకని చోట ఏటా మార్చిలో సున్నం పూసుకోవాలి. ఒట్టి తాటాకు కప్పు అన్నిటికన్నా చల్లన, కానీ రెండు మూడేళ్లకోసారి మార్చాలి, ఎలుకలు చేరతాయి, నిప్పు భయం ఉంటుంది. కింద రేకు, పైన ఆకు నాకు నచ్చిన పద్ధతి.

కోస్తాలో రేకుని మేకులతో వదిలేయకుండా జె హుక్కులతో బిగించాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఇళ్ల రేకులే కాగితాల్లా లేచిపోయాయి. చూరు ఎంత బయటికుంటే గాలి అంత బలంగా కింద నుంచి లేపుతుంది. పైకర్రను స్తంభానికి మేకుతో కాకుండా బోల్టుతో కలపండి, తుపాను హెచ్చరిక వచ్చిన రోజు రేకు మీదుగా అటూ ఇటూ తాళ్లు వేసి కిందికి లాగి కట్టండి.

లోపల

కోళ్లు రాత్రి పడుకునే కర్రలు పడమటి చివర, 4 అడుగులవి రెండు. గోడకి మొదటిది 10 అంగుళాలు, దానికి రెండోది 14 అంగుళాలు ఎడంగా. గూటి నేల పలక నుంచి 2 అడుగుల ఎత్తు, రెండూ సమానంగా. ఒకటి ఎత్తుగా పెడితే ప్రతి సాయంత్రం పై కర్ర కోసం కొట్లాటే, ఓడినవి కింద పడుకుని పైవాటి రెట్టలు నెత్తిన వేసుకుంటాయి. రెండంగుళాల మందం, అంచులు గుండ్రంగా చెక్కిన కర్ర కావాలి. పీవీసీ పైపు జారుతుంది, ఇనుప పైపు చలికి చల్లబడి ఎండకి కాలుతుంది. కర్రల్ని మేకులతో కొట్టకుండా రెండు గాడుల్లో ఆనించి పెట్టండి, తీసి ఎండబెట్టుకోవడానికి. ఎర్ర నల్లులు పగలు కర్ర చివర్ల పగుళ్లలో దాక్కుని రాత్రి కోళ్ల రక్తం తాగుతాయి. పగటిపూట కోడి ఒళ్లంతా వెతికినా ఒక్కటీ కనబడదు. అనుమానముంటే చీకటి పడ్డాక టార్చితో కర్ర అడుగు భాగం చూడండి, లేదా తెల్ల గుడ్డతో తుడవండి. ఎర్రటి మరకలు అంటితే నల్లులున్నట్టే. కర్రలు తీసి మరిగే నీళ్లు పోసి మండుటెండలో ఆరబెట్టాలి, గూడు లోపలంతా సున్నం వేయాలి. వెదురు కర్రలు చవకే గానీ వాటి బోలు, చీలికలు నల్లులకి సొంతిల్లు.

గుడ్ల పెట్టెలు తూర్పు చివర మూడు. ఒక్కోటి అడుగు లోతు, 14 అంగుళాల వెడల్పు, అడుగు ఎత్తు, ముందు గుడ్డు దొర్లకుండా 4 అంగుళాల అడ్డ పట్టీ. 4, 5 పెట్టలకొకటి చాలు, మూడోది తగవు తీర్చడానికి. గోడకు బయటి వైపు వేలాడేలా కట్టి పైన మూత పెడితే లోపలికి వెళ్లకుండానే గుడ్లు తీసుకోవచ్చు. పెట్టె అడుగు పడుకునే కర్ర కంటే ఒక అడుగు కింద ఉండాలి. కోడి రాత్రి ఎప్పుడూ అందినంతలో ఎత్తైన చోటే పడుకుంటుంది. పెట్టె ఎత్తుగా ఉంటే అందులోనే పడుకుని రెట్టలేస్తుంది, గుడ్లన్నీ మురికవుతాయి. లోపల వరిగడ్డి వేసి, ముందు గోనె ముక్క సగానికి వేలాడదీసి చీకటి చేయండి. వెలుతురెక్కువైన పెట్టెలో గుడ్లు పొడుచుకు తినే అలవాటు పట్టుకుంటుంది, ఒకదానికి పట్టిందంటే మిగతావీ నేర్చుకుంటాయి.

మనిషి తలుపు ఎత్తు వైపు, రెండున్నర అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. కోళ్ల తలుపు పొట్టి స్తంభాల వైపు, అడుగు వెడల్పు, 14 అంగుళాల ఎత్తు, అసీల్ (పందెం జాతి) పుంజు ఉంటే 18. నేల 2 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి 5 అడుగుల పలక వాలుగా పెట్టి, 5 అంగుళాలకొక అడ్డ పుల్ల కొట్టాలి. కోతులు తిరిగే ఊళ్లో గొళ్లెం సరిపోదు, తాళం వేయాల్సిందే.

నేల మీద 3 అంగుళాల వరి ఊక. రంపపు పొట్టు పెద్ద కోళ్లకి పరవాలేదు, చిన్న పిల్లలు తింటాయి. వేరుశనగ పొట్టు తడిస్తే బూజు పడుతుంది, వానాకాలం వద్దు. వారానికి రెండుసార్లు కర్రతో తిరగేస్తూ ఉంటే ఊక నెలల తరబడి పనికొస్తుంది. గుప్పెడు తీసి పిండి చూడండి. వదలగానే రాలిపోతే బాగున్నట్టు, ముద్దలా నిలబడితే తడి ఎక్కువైనట్టు. వాసన నిలబడి చూస్తే తెలియదు, కోడి తల ఎత్తుకి వంగి పీల్చాలి. అక్కడ ముక్కు ఘాటెక్కితే కోళ్ల కళ్లు అప్పటికే మండుతున్నట్టు లెక్క. కారణం తొంభై పాళ్లు నీళ్ల గిన్నే: ఒలుకుతోంది లేదా పొర్లుతోంది. గిన్నె అంచు కోడి వీపు ఎత్తుకు వేలాడదీస్తే చాలావరకు సర్దుకుంటుంది. తీసిన ఊకని నేరుగా మొక్కలకి వేయకండి, మాడిపోతాయి. రెండు మూడు నెలలు కుప్ప పోసి మాగనివ్వాలి.

పెద్ద కోడి రోజుకి 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది, పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది. ఎండాకాలం నీళ్లు దానికి రెట్టింపు. దాణా రాత్రి గూట్లో ఉంచకండి, ఎలుకల్ని పిలిచినట్టే. ఎలుకల వెనకే పాములు వస్తాయి.

డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ వైపు చలికి గోనెపట్టాలు కట్టాల్సి వస్తుంది. కట్టేటప్పుడు పట్టా కింది నుంచి పైకి లేవాలి, పైన అడుగు సందు వదలాలి. పై నుంచి దించి మొత్తం మూసేస్తే తేమా ఘాటూ లోపలే ఉండిపోయి, చలికి కాదు, ఊపిరాడక జబ్బు పడతాయి.

కోళ్లు తెచ్చాక

చిన్న పిల్లల్ని నేరుగా ఈ గూట్లో వదలొద్దు. మొదటి వారం వాటికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకోవచ్చు. అట్టపెట్టెలో పిల్లకి 2 వాట్ల లెక్కన ఫిలమెంటు బల్బు వేలాడదీయాలి. ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వెచ్చదనం ఇవ్వదు, ఈ మధ్య చాలా మంది పిల్లలు పోగొట్టుకునేది ఇక్కడే. బల్బు కింద గుంపుగా చేరితే చలి, మూలలకి పరుగెడితే వేడి, చెల్లాచెదురుగా తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. మొదటి వారంలోనే కొక్కెర తెగులుకి కంటిలో చుక్క వేయించండి, 6 నుంచి 8 వారాల మధ్య రెక్క కింద ఇంజెక్షన్. పశువైద్యశాలలో ముందే అడిగి పెట్టుకుంటే మంచిది, ఎందుకంటే మందు సీసా వంద డోసులవి, రెండు వందల డోసులవిగా వస్తుంది. ఇరుగుపొరుగు కోళ్లన్నిటికీ ఒకే రోజు వేయించుకుంటే సీసా వృథా కాదు.

పెద్ద కోళ్లను తెస్తే మొదటి మూడు నాలుగు రోజులు గూడు తలుపు తీయకండి, దాణా నీళ్లు లోపలే పెట్టండి. ఆ తర్వాత సాయంత్రం, పొద్దుగూకడానికి గంట ముందు మొదటిసారి వదలండి, దూరం పోయే వ్యవధి ఉండదు. అప్పటికీ ఒకటో రెండో నాటు పెట్టలు జామచెట్టెక్కి కూర్చుంటాయి. చీకటి పడ్డాక వాటికి చూపు ఆనదు కాబట్టి చేతికి దొరుకుతాయి. పట్టుకొచ్చి పడుకునే కర్ర మీద కూర్చోబెట్టండి. నాలుగైదు రాత్రులు అలా చేసినా వినని దానికి ఒక్క రెక్క మాత్రం పొడుగు ఈకలు కత్తిరించాలి. రెండు రెక్కలూ కత్తిరిస్తే తూకం కుదిరి మళ్లీ ఎగురుతుంది.